ఫామ్, విజిల్, ఓటు: క్రీడాభిమానుల మూడు వాదనలు ఎక్కడ చిక్కుపడతాయి

మ్యాచ్ ముగిశాక మొదలయ్యే వాదనల్లో మూడు తరచుగా వినిపిస్తాయి. ఫలానా బ్యాటర్ ఫామ్ పోయింది, పక్కన పెట్టాలి. రిఫరీ మనల్ని ముంచాడు. సెలక్షన్ అంతా రాజకీయం. మూడింటిలోనూ కొంత నిజం ఉండొచ్చు. కానీ ఒక్కో వాదన తేలాలంటే ఒక్కో రకం సాక్ష్యం కావాలి. ఫామ్ గురించి మాట్లాడాలంటే తగినన్ని ఇన్నింగ్స్ ఉండాలి. రిఫరీ తప్పు చేశాడని అనాలంటే నిబంధనలో ఏముందో తెలియాలి. రాజకీయం జరిగిందని అనాలంటే ఓటు ఎవరిదో, నిర్ణయం ఏ తేదీన ఎవరు తీసుకున్నారో తెలియాలి. ఫలితాన్ని ముందు పెట్టుకుని కారణాన్ని వెనక్కి వెతకడం వల్లే ఈ మూడూ కలగాపులగం అవుతున్నాయి.

సగటు ఏం చెబుతుంది, ఏం దాస్తుంది

బ్యాటింగ్ సగటు అంటే చేసిన పరుగులను ఔటైన సార్లతో భాగించగా వచ్చే సంఖ్య. ఆడిన ఇన్నింగ్స్‌తో భాగించరు. ఈ తేడా ఎంత పెద్దదో ఆస్ట్రేలియా ఆటగాడు మైఖేల్ బెవన్ వన్డే లెక్క చూస్తే తెలుస్తుంది. 196 ఇన్నింగ్స్‌లో 6,912 పరుగులు, 67 సార్లు నాటౌట్. ఔటైన 129 సార్లతో భాగిస్తే 53.58. ఇన్నింగ్స్‌తో భాగిస్తే 35 దాటి కొంచెం. రెండూ సరైన లెక్కలే. మొదటిది ఒక్కో వికెట్‌కు అతను ఎన్ని పరుగులు ఇచ్చాడో చెబుతుంది, రెండోది క్రీజులోకి వచ్చిన ప్రతిసారీ జట్టుకు ఎన్ని దక్కాయో చెబుతుంది. ఆరో స్థానంలో దిగి ఛేదన ముగించే ఆటగాణ్ణి, ఓపెనర్‌ను ఒకే సగటుతో పోల్చినప్పుడు గొడవ మొదలవడానికి ఇదొక కారణం.

అంతకన్నా ముఖ్యమైనది మరొకటి ఉంది. సగటు 40 అంటే ప్రతిసారీ 40 దరిదాపుల్లో చేస్తాడని కాదు. ఏ పరుగు దగ్గరైనా ఔటయ్యే ప్రమాదం సమానమే అనుకుని లెక్క వేస్తే, సగటు 40 ఉన్న బ్యాటర్ సగానికి సగం ఇన్నింగ్స్‌లో 28 కూడా చేరడు. నూటికి 39 సార్లు 20 లోపే ఔటవుతాడు. కొన్ని పెద్ద స్కోర్లే సగటును పైకి లాగుతాయి. నిజానికి కుదురుకోకముందే ఔటయ్యే ప్రమాదం ఎక్కువ కాబట్టి అసలు ఆటలో చిన్న స్కోర్లు ఈ లెక్క చెప్పినదానికన్నా ఎక్కువే వస్తాయి. టెస్టుల్లో 99.94 సగటు ఉన్న ఆస్ట్రేలియా దిగ్గజం బ్రాడ్‌మన్ కూడా 80 ఇన్నింగ్స్‌లో ఏడుసార్లు సున్నాకే వెనుదిరిగాడు.

వరసగా మూడు వైఫల్యాలు ఎంత అరుదు

అదే 40 సగటు బ్యాటర్‌ను తీసుకుందాం. అతని ఆటలో ఏ మార్పూ లేదు, కాళ్లూ చేతులూ నిన్నటిలాగే కదులుతున్నాయి. ఒక ఇన్నింగ్స్‌లో 20 లోపు ఔటయ్యే అవకాశం 0.39. వరసగా మూడు ఇన్నింగ్స్‌లో అలా జరిగే అవకాశం 0.39ను మూడుసార్లు గుణిస్తే సుమారు 0.06, అంటే నూటికి ఆరు. చూడగానే అరుదనిపిస్తుంది. అయితే ఏడాదిలో అన్ని ఫార్మాట్లూ కలిపి 40 ఇన్నింగ్స్ ఆడితే, ఎక్కడో ఒకచోట కనీసం ఒక్కసారైనా ఇలాంటి మూడు వరస వైఫల్యాలు ఎదురయ్యే అవకాశం దాదాపు నాలుగింట మూడు వంతులు. ఆట అణుమాత్రం మారకపోయినా ‘ఫామ్ పోయింది’ అనిపించే రోజులు ప్రతి మంచి బ్యాటర్ క్యాలెండర్‌లోనూ ఉంటాయన్నమాట.

పది ఇన్నింగ్స్ సగటు కూడా అంత గట్టి సాక్ష్యం కాదు. ఈ లెక్క ప్రకారం అసలు స్థాయి 40 అయిన ఆటగాడి పది ఇన్నింగ్స్ సగటు మూడింట రెండుసార్లు మాత్రమే 27కూ 53కూ మధ్య ఉంటుంది. మిగతా సమయంలో ఆ హద్దులు కూడా దాటుతుంది. 27 సగటున్నవాణ్ణి తీసేయాలంటాం, 53 సగటున్నవాణ్ణి నెత్తిన పెట్టుకుంటాం. ఇద్దరూ ఒకే స్థాయి ఆటగాళ్లు కావచ్చు.

2003–04 ఆస్ట్రేలియా పర్యటనలో సచిన్ టెండూల్కర్ స్కోర్లు దీనికి చక్కని ఉదాహరణ. మొదటి మూడు టెస్టుల్లో 0, 1, 37, 0, 44. ఐదు ఇన్నింగ్స్‌లో 82 పరుగులు, సగటు 16.40. తర్వాత సిడ్నీలో 241 నాటౌట్, 60 నాటౌట్. సిరీస్ ముగిసేసరికి అదే సగటు 76.60. పైగా బ్రిస్బేన్‌లో వచ్చిన మొదటి సున్నా, స్టంప్స్ మీదుగా వెళ్లేలా కనిపించిన బంతికి అంపైర్ బక్నర్ ఇచ్చిన ఎల్బీడబ్ల్యూ. స్కోరు పట్టికలో అది కూడా ఫామ్ లేమి కిందే చేరిపోయింది.

అలాగని ఫామ్ అనేదే లేదా?

ఉంది. కాకపోతే అది స్కోర్లలో కన్నా ఔటైన తీరులో ముందు కనిపిస్తుంది. సిడ్నీకి వచ్చేసరికి సచిన్ ఆఫ్ స్టంప్ బయటి బంతుల జోలికి వెళ్లడంలో ఇబ్బంది ఉందని గుర్తించి, కవర్ డ్రైవ్‌ను దాదాపు పూర్తిగా పక్కన పెట్టాడు. 436 బంతులు, 613 నిమిషాలు అదే నిగ్రహంతో ఆడాడు. అంటే 16.40 సగటులో దురదృష్టమూ ఉంది, సరిదిద్దుకోవలసిన లోపమూ ఉంది. రెండింటినీ విడదీయడమే అసలు పని.

విరాట్ కోహ్లీ ఇంగ్లండ్ పర్యటనలు ఇంకా స్పష్టమైన ఉదాహరణ. 2014లో పది ఇన్నింగ్స్, 134 పరుగులు, సగటు 13.40. అందులో నాలుగుసార్లు ఇంగ్లండ్ పేసర్ ఆండర్సన్‌కే చిక్కాడు. ఆఫ్ స్టంప్ బయట స్వింగయ్యే బంతికి బ్యాట్ అంచు తగిలి స్లిప్‌లోకో కీపర్ చేతుల్లోకో వెళ్లడం పదేపదే జరిగింది. ఒకే బౌలర్, ఒకే రకం బంతి, ఒకే రకం తప్పు. ఇది యాదృచ్ఛికం అనడం కష్టం. 2018లో మళ్లీ పది ఇన్నింగ్స్. ఈసారి క్రీజు బయట నిలబడి, బంతి పూర్తిగా తిరగకముందే అందుకునే ప్రయత్నం చేశాడు. 593 పరుగులు, సగటు 59.30, ఆండర్సన్‌కు ఒక్కసారీ ఔట్ కాలేదు. అయితే ఆ సిరీస్ మొదటి టెస్టులో, ఎడ్జ్‌బాస్టన్‌లో, 21 పరుగుల దగ్గర ఆండర్సన్ బౌలింగ్‌లో ఇచ్చిన క్యాచ్ స్లిప్‌లో జారిపోయింది. ఆ ఇన్నింగ్స్ 149 దాకా వెళ్లింది. ఆ క్యాచ్ పట్టి ఉంటే సిరీస్ కథనమే వేరుగా రాసేవాళ్లు. అతని సాంకేతిక మార్పు మాత్రం అప్పటికీ అంతే నిజంగా ఉండేది.

అందుకే విశ్లేషకులు స్కోరుతో పాటు ఎన్ని బంతులు అదుపులో ఆడాడు, ఎన్నిటికి బీట్ అయ్యాడు, ఎన్ని అంచుకు తగిలాయి అని లెక్కిస్తారు. ఒక బ్యాటర్ వంద బంతుల్లో తప్పుగా ఆడినవి ఎనిమిది నుంచి పదిహేనుకు పెరిగితే, ఆ రోజు 70 కొట్టినా ఆందోళన పడాల్సిందే. ఎనిమిది దగ్గరే ఉండి మూడుసార్లు 12కే ఔటైతే ఓపిక పట్టడానికి కారణం ఉంది. ఇది వంద బంతుల్లో ఎనిమిది తప్పులనూ పదిహేను తప్పులనూ పోల్చే లెక్క. పది ఇన్నింగ్స్ సగటు ఎంత చేసినా పది ఔట్ల మీద నిలబడే లెక్క. మొదటిదానికే నమ్మకం ఎక్కువ.

‘చేయి వేడెక్కింది’ అనే వాదన చరిత్ర

ఫామ్ నిజమా, భ్రమా అన్న ప్రశ్న శాస్త్రీయంగా మొదట రాజుకున్నది బాస్కెట్‌బాల్‌లో. 1985లో గిలోవిచ్, వల్లోన్, ట్వెర్‌స్కీ అనే ముగ్గురు పరిశోధకులు ఫిలడెల్ఫియా జట్టు షాట్లను పరిశీలించారు. వరసగా బుట్టలో వేసిన ఆటగాడు తర్వాతి షాట్ కూడా వేసే అవకాశం పెరగడం లేదని తేల్చారు. వేడెక్కిన చేయి అభిమానుల ఊహ మాత్రమేనన్న మాట మూడు దశాబ్దాలు చెలామణీ అయింది.

2018లో మిల్లర్, సాన్హుర్హో అనే ఇద్దరు ఆ పద్ధతిలోనే ఒక లోపం చూపించారు. నాణేన్ని మూడుసార్లు ఎగరేశారనుకోండి. మొత్తం ఎనిమిది రకాల వరసలు వస్తాయి. ప్రతి వరసలో ‘బొమ్మ పడ్డాక మళ్లీ బొమ్మ పడిన శాతం’ రాయండి. మొదటి రెండుసార్లలో ఒక్క బొమ్మా పడని వరసలు రెండు. వాటిలో లెక్కించడానికి ఏమీ ఉండదు. మిగిలిన ఆరింటిలో బొమ్మ-బొమ్మ-బొమ్మకు 100, బొమ్మ-బొమ్మ-బొరుసుకు 50, బొరుసు-బొమ్మ-బొమ్మకు 100, మిగతా మూడింటికి సున్నా. సగటు తీస్తే 41.7 శాతం. నాణెం నిక్కమైనదే, అయినా లెక్క 50కి తక్కువ చూపిస్తోంది. చిన్న వరసల్లో ఈ కొలత సహజంగానే కిందికి వంగి ఉంటుంది. కాబట్టి పాత అధ్యయనంలో ‘తేడా ఏమీ లేదు’ అని కనిపించిన చోట నిజానికి కొంత వేడి దాగి ఉండొచ్చు. సవరించి చూస్తే ఆ పాత ప్రయోగంలోని షూటింగ్ లెక్కల్లోనే దాని ఆనవాళ్లు కనిపించాయి.

ఇక్కడ రెండు పక్షాలూ కొంతవరకు గెలిచాయి. ఫామ్ పూర్తిగా భ్రమ అనడం తొందరపాటు. కానీ అభిమానులు ఊహించుకునేంత పెద్దగా అది ఉండదన్న మాట ఇప్పటికీ గట్టిగానే నిలబడి ఉంది.

విజిల్: ఫలితంతో పనిలేని ప్రశ్న

రిఫరీ గురించి వాదించేటప్పుడు ముందుగా అడగాల్సింది ఏ నిబంధన అని. బాస్కెట్‌బాల్‌లో అత్యంత వివాదాస్పదమైన నిర్ణయం బ్లాకా, చార్జా అన్నది. దూసుకొచ్చే ఆటగాడు డిఫెండర్‌ను గుద్దుకుంటాడు. ఫౌల్ ఇద్దరిలో ఎవరిదైనా కావచ్చు. డిఫెండర్‌దైతే బ్లాక్, దూసుకొచ్చినవాడిదైతే చార్జ్. అమెరికా లీగ్ ఎన్‌బీఏలో అయితే దాడి చేసే ఆటగాడు షాట్ కోసం పైకి లేచే కదలిక మొదలుపెట్టకముందే డిఫెండర్ తన చోట కుదురుకోవాలి. అంతర్జాతీయ సమాఖ్య ఫిబా నిబంధనల్లో హద్దు అతను నేల విడిచిన క్షణం. ఈ రెంటి మధ్య తేడా రెప్పపాటంత. దానికితోడు బుట్ట కింద అర్ధవృత్తం ఉంటుంది. ఎన్‌బీఏలో నాలుగు అడుగులు, ఫిబాలో 1.25 మీటర్లు. దానిలో నిలబడ్డ డిఫెండర్‌కు మామూలుగా చార్జ్ దక్కదు. ఎన్‌బీఏ ఆట చూసి పెరిగిన కళ్లకు ఒలింపిక్స్‌లో ఒక సరైన నిర్ణయం తప్పుగా కనబడటానికి ఇది చాలు.

తప్పుల్లోనూ రెండు జాతులున్నాయి. ఒకటి రిఫరీ చూపులో జరిగే తప్పు. చేయి తగిలిందా లేదా, పాదం ముందా వెనకా అన్నవి. ఇవి తర్వాత తప్పని తేలినా ఫలితం మారదు. రెండోది నమోదులోనో, నిబంధన వర్తింపులోనో జరిగే తప్పు. ఇది మ్యాచ్‌నే తిరగదోడగలదు. 2007 డిసెంబర్‌లో ఎన్‌బీఏ జట్లు అట్లాంటా, మయామి మ్యాచ్‌లో మయామి ఆటగాడు షకీల్ ఓనీల్‌కు ఆరు ఫౌల్స్ పూర్తయ్యాయని బయటకు పంపారు. నిజానికి అయినవి ఐదే. స్కోరర్ బల్ల దగ్గర లెక్క తప్పింది. మయామి ఫిర్యాదును లీగ్ అంగీకరించి, చివరి 51.9 సెకన్లను 2008 మార్చిలో మళ్లీ ఆడించింది. అప్పటికి ఓనీల్ వేరే జట్టుకు వెళ్లిపోయాడు. ఫలితం మాత్రం మారలేదు.

చూపు తప్పుల విషయంలో ఎన్‌బీఏ 2015 మార్చి నుంచి ఒక మంచి పని చేస్తోంది. హోరాహోరీ మ్యాచ్‌ల్లో చివరి రెండు నిమిషాల్లో ఊదిన ప్రతి విజిల్‌నూ, ఊదకుండా వదిలేసిన ముఖ్యమైన తగులులనూ తిరిగి చూసి సరైనదా తప్పా అని బహిరంగంగా ప్రకటిస్తుంది. ఊదిన తప్పుల కన్నా ఊదకుండా వదిలేసిన తప్పులే వాటిలో ఎక్కువగా బయటపడుతుంటాయి. రిఫరీల సంఘానికి ఈ పద్ధతి నచ్చలేదు. ఆఖరి క్షణాలను మాత్రమే భూతద్దంలో చూపితే మిగతా 46 నిమిషాల తప్పులు లెక్కలోకి రావన్నది, రిఫరీల మీద దాడికి ఇది ఆయుధం అవుతుందన్నది వాళ్ల వాదన. మొదటి మాటలో పస ఉంది. రెండో నిమిషంలో తప్పిపోయిన ఫౌల్ విలువ కూడా రెండు పాయింట్లే. అయినా దాచడం కన్నా ప్రకటించడమే మేలని నా అభిప్రాయం. 2007లో టిమ్ డొనాగీ అనే రిఫరీ బెట్టింగ్ కేసులో నేరం ఒప్పుకుని, మరుసటి ఏడాది 15 నెలల శిక్షకు గురయ్యాక, ‘మమ్మల్ని నమ్మండి’ అన్న మాట ఒక్కటే సరిపోయే పరిస్థితి పోయింది.

అన్నీ మనకే వ్యతిరేకం అనిపించడం ఎంత సహజం

ఒక మ్యాచ్‌లో నిర్ణయించాల్సిన సందర్భాలు 100 ఉన్నాయనీ, రిఫరీలు 95 శాతం సరిగ్గా చెబుతారనీ అనుకుందాం. ఐదు తప్పులు మిగులుతాయి. ఎవరి మీదా పక్షపాతం లేదు, ప్రతి తప్పూ ఎటైనా పడొచ్చు. అప్పుడు ఐదులో నాలుగో, ఐదుకు ఐదో మీ జట్టుకే వ్యతిరేకంగా పడే అవకాశం 32లో 6, అంటే దాదాపు 19 శాతం. రెండు జట్లలో ఏదో ఒకదానికి అలా జరిగే అవకాశం 37.5 శాతం. పూర్తి నిజాయితీ ఉన్న రిఫరీలు ఊదినా, ఎనిమిది మ్యాచ్‌లకు మూడింటిలో ఒక వర్గం అభిమానులకు న్యాయంగానే కడుపు మండుతుంది.

ఫౌల్‌కు బదులుగా దక్కే ఉచిత షాట్ల, అంటే ఫ్రీ త్రోల లెక్క కూడా ఇలాగే తప్పుదారి పట్టిస్తుంది. ఒక జట్టుకు 30, మరోదానికి 16 వచ్చాయనుకోండి. వెనకబడ్డ జట్టు చివరి నిమిషంలో గడియారం ఆపడానికి కావాలని నాలుగు ఫౌల్స్ చేస్తే, అందులో ఎనిమిది అక్కడే పోయాయి. మిగిలింది 22కు 16. ఆ తర్వాత ఏ జట్టు బుట్ట కిందికి ఎన్నిసార్లు చొచ్చుకెళ్లింది, ఏది మూడు పాయింట్ల గీత బయటి నుంచి వేసింది అని చూడాలి. బయటి నుంచి వేసే జట్టుకు ఫౌల్స్ తక్కువే వస్తాయి. ఇవన్నీ తీసేశాక కూడా తేడా మిగిలి, అది చాలా మ్యాచ్‌ల్లో ఒకేవైపు ఉంటే అప్పుడు పక్షపాతం గురించి మాట్లాడొచ్చు. పక్షపాతం అసంభవం ఏమీ కాదు. 2020లో ప్రేక్షకులు లేకుండా జరిగిన ఫుట్‌బాల్ లీగ్‌ల మీద వచ్చిన పలు అధ్యయనాల్లో, సొంతగడ్డ జట్లకూ బయటినుంచి వచ్చిన జట్లకూ చూపే కార్డుల్లో తేడా తగ్గిందని తేలింది. గ్యాలరీ కేకలు విజిల్ దాకా చేరుతాయన్నమాట.

‘అంతా పాలిటిక్స్’ అన్నప్పుడు ఏ పాలిటిక్స్

ఈ ఒక్క మాట కింద మూడు వేరు ఆరోపణలు దాగి ఉంటాయి. సెలక్టర్లు తమవాళ్లను ఎంచుకుంటున్నారన్నది ఒకటి. క్రికెట్ సంఘం ఎన్నికల్లో ఓట్లు కొందరి గుప్పిట్లో ఉన్నాయన్నది రెండోది. అధికార పార్టీ మారితే సంఘం కూడా మారుతోందన్నది మూడోది. ఒకటి నిజమైతే మిగతావి నిజమవ్వాలని లేదు.

మొదటిదానికి నియమాలు కాస్త స్పష్టంగానే ఉన్నాయి. భారత క్రికెట్‌లో జాతీయ సెలక్టర్ కావాలంటే ఏడు టెస్టులో, 30 ఫస్ట్ క్లాస్ మ్యాచ్‌లో, లేదా పది వన్డేలతో పాటు 20 ఫస్ట్ క్లాస్ మ్యాచ్‌లో ఆడి, రిటైరై ఐదేళ్లు దాటి ఉండాలి. అర్హత కాగితం మీద ఉంది. కానీ ఎంపికకు కారణాలు మాత్రం పూర్తిగా బయట పెట్టరు. అనుమానం పుట్టేది అక్కడే.

రెండోదానికి వెనక పెద్ద కథ ఉంది. 2013 ఐపీఎల్ స్పాట్ ఫిక్సింగ్ తర్వాత సుప్రీంకోర్టు నియమించిన లోధా కమిటీ 2016 జనవరిలో నివేదిక ఇచ్చింది. మంత్రులు, ప్రభుత్వ ఉద్యోగులు పదవుల్లో ఉండకూడదని, 70 ఏళ్లు దాటకూడదని, పదవుల మధ్య విరామం ఉండాలని, భారత క్రికెట్ బోర్డు ఎన్నికల్లో రాష్ట్రానికి ఒకే ఓటు ఉండాలని సూచించింది. ఒకే రాష్ట్రం ఒకే ఓటు అన్నది 2018లో సడలింది. మహారాష్ట్ర, గుజరాత్‌లలోని మూడేసి సంఘాలకూ ఓటు నిలిచింది. ఆంధ్ర, హైదరాబాద్ సంఘాలకు మాత్రం ఆ చిక్కు రాలేదు. 2014 విభజనతో అవి వేర్వేరు రాష్ట్రాల సంఘాలయ్యాయి. విరామం నిబంధనను కూడా 2022 సెప్టెంబర్‌లో కోర్టు సడలించింది. ఆ సడలింపు ప్రకారం రాష్ట్ర సంఘంలో ఆరేళ్లు, బోర్డులో ఆరేళ్లు, కలిపి వరసగా పన్నెండేళ్లు ఉండొచ్చు. అనుభవం ఉన్నవాళ్లు కొనసాగాలని ఒక పక్షం, పాత ముఖాలే తిరుగుతాయని మరో పక్షం అప్పుడు వాదించాయి.

గమనించాల్సింది ఏమిటంటే, ఈ ఎన్నికల్లో టికెట్ కొని మ్యాచ్ చూసేవారికి ఓటు లేదు. హైదరాబాద్ సంఘంలో ప్రధాన ఓటర్లు అనుబంధ క్లబ్బులు. ఉదాహరణకు 170 ఓట్లున్న సంఘంలో ఒకే కుటుంబం పది క్లబ్బుల్ని నడుపుతుంటే, మిగతా 160 సమంగా చీలినప్పుడు ఆ పదే అధ్యక్షుణ్ణి నిర్ణయిస్తాయి. ఇదేదో ఊహకు మాత్రమే పరిమితమైన బెడద కాదు. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ సంఘం వ్యవహారాలను జస్టిస్ ఎల్. నాగేశ్వరరావు ఏకసభ్య కమిటీకి అప్పగించింది. ఒకటికంటే ఎక్కువ క్లబ్బుల మీద పట్టున్నవారిని ఓటుకు దూరంగా పెట్టాకే అదే ఏడాది అక్టోబర్‌లో ఎన్నికలు జరిగాయి.

మూడో ఆరోపణ ఎంత జాగ్రత్తగా తూచాలో చెప్పడానికి భారత టెస్టు బ్యాటర్ హనుమ విహారి వ్యవహారం ఉంది. 2023–24 రంజీ సీజన్‌లో బెంగాల్‌తో మొదటి మ్యాచ్ తర్వాత ఆంధ్ర కెప్టెన్సీ అతని నుంచి రికీ భుయికి మారింది. 2024 ఫిబ్రవరిలో మధ్యప్రదేశ్ చేతిలో నాలుగు పరుగుల తేడాతో క్వార్టర్ ఫైనల్ ఓడాక విహారి నోరు విప్పాడు. ఒక రాజకీయ నాయకుడి కుమారుడైన సహచరుణ్ణి మందలించినందుకే తనను దిగిపొమ్మన్నారని, ఇక ఆంధ్రకు ఆడనని ప్రకటించాడు. సహచరుడు ఆ మాట అబద్ధమన్నాడు. విహారి దూషించాడన్న ఫిర్యాదులు వచ్చాయని సంఘం అంది. జూన్‌లో రాష్ట్ర ప్రభుత్వం మారింది, విహారి ఆంధ్రకే ఆడతానన్నాడు. ఆగస్టులో పాత కార్యవర్గం రాజీనామా చేసింది. సెప్టెంబర్‌లో తెలుగుదేశం ఎంపీ కేశినేని శివనాథ్ అధ్యక్షుడయ్యారు. ఎంపీలకూ ఎమ్మెల్యేలకూ బోర్డు నియమావళిలో నిషేధం లేదు, నిషేధం మంత్రులకు, ప్రభుత్వ ఉద్యోగులకే.

ప్రభుత్వం మారిన మూడు నెలల్లో కార్యవర్గం మారిందన్నది తేదీలు చూపే వాస్తవం. సంఘానికీ అధికారానికీ సంబంధం ఉందనడానికి అది బలమైన సూచన. కానీ జనవరిలో కెప్టెన్‌ను ఎందుకు మార్చారన్న ప్రశ్నకు అది జవాబు కాదు. ఆ సీజన్‌లో భుయి 902 పరుగులతో రంజీలోనే అగ్రస్థానంలో నిలిచాడు. అది కూడా జవాబు కాదు. మార్పు తర్వాత కొత్త కెప్టెన్ బాగా ఆడినంత మాత్రాన మార్చిన కారణం సరైనదైపోదు, నాలుగు పరుగులతో ఓడినంత మాత్రాన తప్పూ అయిపోదు. జవాబు దొరికేది ఫిర్యాదు అందిన తేదీలో, సెలక్షన్ కమిటీ మినిట్స్‌లో, రాజీనామా ఎవరు కోరారన్న రాతలో.

ఆ కాగితాలు అడిగే హక్కు అభిమానికి ఉందా అన్నదే ఇప్పుడు మిగిలిన వివాదం. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన జాతీయ క్రీడా పరిపాలన బిల్లు సమాచార హక్కు పరిధిని ప్రభుత్వ నిధులు తీసుకునే సంఘాలకే పరిమితం చేసింది. క్రికెట్ బోర్డు తన ఖర్చుకు ప్రభుత్వ నిధుల మీద ఆధారపడదు. ప్రజాధనం వాడని సంస్థను అడిగే హక్కు ప్రజలకు ఎందుకని బోర్డును సమర్థించేవారు అంటారు. దేశం పేరుతో జట్టును ఎంపిక చేసే సంస్థ లెక్క చెప్పాల్సిందేనని, స్టేడియాలకు భూములూ పన్ను రాయితీలూ ఎక్కడివని ఎదుటివారు అడుగుతారు.